మొరెనికె పేరున నా రక్తం

పట్టణ శివార్ల ఆరోగ్య సర్వే అధికారి శ్రీ అదెగోకె గారి సముఖమునకు,

ఇబాదాన్ శివారు ఒకె-అగ్బొన్‌లో, మూడో వీధి, పద్నాలుగో నంబరు ఇంట కాపురముంటున్న దర్జీ అశాకే ఒడుకోయా పెట్టుకొన్న మూడవ అర్జీ.

అయ్యా,

విషయం: థైరాయిడ్ సర్వేలో నా సవతి మొరెనికె ఒడుకోయా పేరు చెప్పి నా రక్తం ఇచ్చిన నేరమునకు నన్ను వెంటనే అరెస్టు చేయించుట గురించి, నాతోపాటు మరికొందరిని కూడా.

సూచిక: తమ కార్యాలయంలో నేను మూడు దఫాలు నిలబడుట. నంబరు ఇవ్వలేదు.

తమకు మనవి చేసుకొనునది ఏమనగా, ఇదివరలో నేను తమకు రెండు అర్జీలు పెట్టుకొనియున్నాను. ఆ రెండింటిలో కలిపి "దయచేసి" అన్న మాట పదకొండుసార్లు వ్రాశాను. ఇందులో ఆ మాట ఉండదు. ఇది దయ అడిగే కాగితం కాదు, నేరం ఒప్పుకునే కాగితం. నేరం చేసినదానికి అధికారి జవాబు చెప్పి తీరాలట, అన్యాయమైపోయినదానికి అక్కర్లేదట. తమ ఆఫీసు వరండాలో నిలబడి నేర్చుకున్న విద్య ఇది.

1. నేరము జరిగిన తీరు.

గత దుమ్ముగాలుల కాలంలో తమ సర్వేవారు తెల్ల బండిలో మా పేటకు వచ్చి, శివార్లలో ఎందరు ఆడవారికి థైరాయిడ్ జబ్బులున్నవో లెక్క తీయుచున్నామని మైకులో ప్రకటించియున్నారు. ఇంటిలోని ఆడవారందరి పేర్లు చీటీల మీద వ్రాసి, రేకు డబ్బాలో వేసి, ఒక చీటీ తీసి, ఆ పేరుగల స్త్రీ నుండి మాత్రమే రక్తము సేకరించవలెనని తమ నిబంధన. జబ్బు తేలినవారికి ఆకుపచ్చ కార్డు. కార్డు ఉన్నవారికి పెద్దాసుపత్రిలో రెండేళ్లపాటు మందులు ఉచితం. రక్తం ఇచ్చిన ప్రతివారికి మూత ఉన్న నీలం బకెట్టు.

నిబంధన బాగానే ఉంది. అది వ్రాసినాయన మా ఇళ్లలో ఒక్కపూట భోజనం చేసి ఉంటే ఇంకా బాగుండేది. మా ఇంట్లో ఏది వచ్చినా పెద్దామెకు ముందు. కోడి కోస్తే మొదటి ముక్క, చుట్టం వస్తే మొదటి పలకరింపు, వేడుకకు బట్ట వస్తే మొదటి కోత, అన్నీ నావి. నేను ముందు కాపురానికి వచ్చాను గనుక. నా తర్వాత వచ్చిన మొరెనికె నాకు మోకాళ్ల మీద వంగి దండం పెట్టాలి. తను రాకముందే పుట్టిన నా పదేళ్ల కూతుర్ని కూడా పేరు పెట్టి పిలవకూడదు, "చిన్నక్కగారూ" అనాలి. అలాంటి ఇంట్లోకి వచ్చి తమ అమ్మాయి డబ్బాలో చెయ్యి పెట్టి, చీటీ విప్పి, "మొరెనికె ఒడుకోయా ఎవరండీ?" అన్నది.

మొరెనికె లేవబోయింది. మా అత్తగారు గొంతు సవరించుకుంది. ఆవిడ గొంతు సవరించుకుంటే మా ఇంట్లో మేకలు కూడా నిలబడిపోతాయి.

"నువ్వు కూచోవే," అన్నాను నేను. "నేనింకా బతికే ఉండగా నీ చెయ్యి ముందా?"

"పేరు నాది వచ్చింది గదా అక్కా."

"పేరుదేముంది? పేరు ఇంటిది. చెయ్యి పెద్దదానిది."

మొరెనికె కిసుక్కున నవ్వింది. "పోన్లే అక్కా. నీ రక్తమైతే నా పేరుకి మంచి మార్కులొస్తాయి."

నేను చెయ్యి చాచాను. తమ అమ్మాయి "వయసెంతమ్మా?" అని అడిగితే "ఇరవయ్యారు" అన్నాను. నాకు నలభై తొమ్మిది. ఆ పిల్ల నా మొహం చూసింది, కాగితం చూసింది, ఇరవయ్యారు అని వ్రాసుకుంది. ఎదురుగా కూర్చున్న పెద్దదాన్ని "నీ మొహానికి ఇరవయ్యారేమిటి" అని అడగడం తననూ పెంచిన ఇంట్లో నేర్పరు. సంతకం చెయ్యమంటే మొరెనికె అని చేశాను.

కనుక ఆ దినమున నేను చేసిన నేరములు: పరుల పేరు చెప్పుకొనుట, వయస్సు దాచుట, దొంగ సంతకము, ప్రభుత్వమువారి బకెట్టు తీసుకొనుట. ఎందుకు చేశానని కోర్టువారు అడుగుతారు. బకెట్టు కోసం కాదు, మా ఇంట్లో బకెట్లు నాలుగున్నాయి. ముందు నేను అనిపించుకోవడానికి. అంతే. ఇంతకన్నా పెద్ద కారణం ఉంటే బాగుండునని ఏడు వారాలుగా వెతుకుతున్నాను, దొరకలేదు.

2. బాధితురాలి స్థితి.

మొరెనికె మా ఇంటికి వచ్చి అయిదేళ్లు. వచ్చిన కొత్తలో దాన్ని చూస్తే నాకు ఒళ్లు మండేది. పెళ్లిరవికె నా చేతే కుట్టించాడు మా ఆయన, సిగ్గు లేకుండా. మెడ పదమూడు అంగుళాలు. నా కొలతల పుస్తకంలో ఉంది. రెండో ఏడు నుంచి నా మిషను పక్కన కూర్చుని అంచులు మడిచి కుట్టడం మొదలుపెట్టింది. పని మెత్తగా ఉండేది. నోరు ఊరుకునేది కాదు, నన్ను నవ్వించేది. సవతి మీద ఎంతకాలమని మండుతాం? చెయ్యి సాయం ఉన్నప్పుడు అసలే కష్టం.

నిరుడు వానలకు ముందు దాని మెడ పదమూడున్నర. తర్వాత పద్నాలుగు. ఈ ఏడు పద్నాలుగున్నర దాటింది, మిగతా ఒళ్లంతా చీపురుపుల్ల. అమలా సంకటి ఇదివరకు రెండు ముద్దలు తినేది, ఇప్పుడు నాలుగు తిని "ఇంకా ఉందా అక్కా?" అని అడుగుతోంది. కూర్చున్నచోట చెమటలు. చెయ్యి వణికి సూదిలో దారం ఎక్కదు. "నా గుండె చూడక్కా, ఎవరో తరుముతున్నట్టు కొట్టుకుంటోంది," అని నా అరచెయ్యి లాక్కుని తన రొమ్ము మీద పెట్టుకునేది. నిజంగానే తరుముతున్నట్టే ఉండేది.

అన్నిటికన్నా కొంప ముంచింది కళ్లు. దాని కళ్లు ముందుకు పొడుచుకొచ్చాయి. రెప్పలు పూర్తిగా మూతపడవు. మా ఇళ్లలో చిన్నవాళ్లు పెద్దవాళ్ల మొహంలోకి చూడకూడదని తమకు వేరే చెప్పాలా? తల వంచి నేల చూడాలి. మొరెనికె తల వంచినా కళ్లు మాత్రం చూస్తూనే ఉంటాయి. మా అత్తగారు మొదట "దీనికి పొగరెక్కింది" అంది. నెల పోయాక "దీనికి ఏదో పట్టింది" అంది. ఒకరోజు మొరెనికె ఆవిడ మీద గట్టిగా అరిచింది కూడా, కూరలో ఉప్పు విషయమై. ఆ అరుపు దాని జబ్బుదని నాకిప్పుడు తెలుసు. అప్పుడు ఇంట్లో అందరం నోరు వెళ్లబెట్టి చూశాం.

3. తమ కాగితము చేసిన పని.

వానలు పడ్డాక తమ సర్వే ఫలితములు ఇంటింటికి పంచబడినవి. మా ఇంటికి వచ్చిన కాగితంలో ఇట్లున్నది: "మొరెనికె ఒడుకోయా, వయస్సు 26, థైరాయిడ్ సక్రమముగా ఉన్నది." కింద ముద్ర.

మా ఆయన కొలాపొ ఒడుకోయా టైర్ల దుకాణం యజమాని. చదివింది తక్కువ, ముద్రలంటే భక్తి ఎక్కువ. ఆ కాగితం మూడుసార్లు పైకి చదివాడు.

"అది నా రక్తం," అన్నాను నేను.

"నోర్ముయ్. దాని పేరుంది, గవర్నమెంటు ముద్రుంది."

"నేను చెయ్యి చాస్తే మీరంతా చూశారు గదా! అత్తయ్యా, మీరు చెప్పండి."

మా అత్తగారు పైకప్పు రేకులు చూసింది. "నాకేం గుర్తుంటుందమ్మా, ముసలిదాన్ని," అంది. మా పెళ్లిలో ఎవరు ఎన్ని మేకలు తెచ్చారో ఇప్పటికీ వరసగా చెప్పే మనిషి.

రక్తంలో జబ్బు లేదని ప్రభుత్వమే చెప్పిందంటే ఇక ఉన్నది దెయ్యమే అని తీర్మానించారు. కొండమీది ప్రార్థనాలయానికి, ప్రవక్త గిడియొన్ అనే తెల్లంగీ మనిషి దగ్గరికి తీసుకుపోయారు. ఏడు వారాలైంది. వారానికి మూడు రోజులు ఉపవాసం, కాలికి గొలుసు. నాలుగు ముద్దలు తిన్నా నిలవని ఒంటికి ఉపవాసం! నేను తిండి పట్టుకెళ్తే గేటు దగ్గరే ఆపేశాడు ఆ గిడియొన్.

"ఆమెకి జబ్బు బాబూ, మందు కావాలి," అన్నాను.

"జబ్బయితే కాగితం ఏదీ? మీ ఆయన తెచ్చిన కాగితంలో లేదని ఉంది. రక్తంలో లేదంటే ఆత్మలో ఉంది. ఇక్కడ సూదులు కుదరవు."

"వదిలెయ్యండి, నేను తీసుకుపోతాను."

"మొగుడు చెప్పాలి. లేదా సర్కారు చెప్పాలి. నువ్వెవరివి? సవతివేగా!"

సవతినే. ఆ మాట ఆ మనిషి నోట విన్నప్పుడు అతని తెల్లంగీ మెడ పట్టుకుని మెలి తిప్పాలనిపించింది. అక్కడ గేటు అడ్డం ఉంది.

4. తమ గుమాస్తా ఎకుండాయొ గురించి.

మొదటి దఫా వెళ్లినప్పుడు ఈయన నన్ను రెండు పూటలు నిలబెట్టి, "రేపు రా" అన్నాడు. రెండో దఫా సంగతి విన్నాడు. వింటూ వేరుశనక్కాయలు వలుచుకున్నాడు.

"చూడమ్మా, రక్తం ఎవరిదైతేనేం, ఫైలు మొరెనికెది. ఫైలు మూసేశాం."

"మళ్లీ తెరవండి. మనిషి చచ్చిపోయేట్టుంది."

"మూసిన ఫైలు ఊరికే తెరుచుకోదు. దొంగపేరుతో ఇచ్చారని పోలీసు కేసు ఉండాలి. అప్పుడు ఇద్దర్నీ పట్టుకొచ్చి, ఇద్దరి రక్తం మళ్లీ తీసి పోల్చి చూడాలి. నువ్వు జైలుకెళ్తావ్. అదంతా నీకెందుకు, పోయి మిషను తొక్కుకో."

ఎగతాళికి అన్నాడు. కాని ఆ మాట నాకు వరంగా వినపడింది. ఇద్దర్నీ పట్టుకొచ్చి, ఇద్దరి రక్తం మళ్లీ తీసి! ఆ రోజే మా ఇంట రక్తం తీసిన అమ్మాయి వరండాలో నన్ను గుర్తుపట్టి పక్కకు లాగింది. ఏడ్చేస్తోంది పాపం. "ఆ రోజు నేను గట్టిగా అడగాల్సిందమ్మా. ఆవిడ కళ్లు అప్పుడే చూశాను. ఇలా ఉపవాసాలుంటే గుండె ఆగిపోతుంది, ఆలస్యం చెయ్యకండి," అంది. అయ్యా, తమ ఆఫీసులో తల దించుకున్న మనిషి ఆ ఒక్కతే, ఆమె మీద నాకు ఫిర్యాదు లేదు.

మూడో దఫా నేరం ఒప్పుకుంటూ కాగితం వ్రాసి తీసుకెళ్లాను. ఎకుండాయొ దాన్ని ముట్టుకోలేదు.

"ఇలాంటివి తీసుకుంటే సర్వే పరువేం కావాలమ్మా?"

"నేను దొంగనయ్యా! దొంగ వచ్చి పట్టుకోండ్రా అంటే పట్టుకోరేం?"

"దొంగతనం ఎక్కడుంది? మా ఫైల్లో లేదే!" అని చేతికంటిన పొట్టు దులుపుకున్నాడు. ఆ పొట్టు నా కాగితం మీద పడింది. ఆ కాగితం దీనికి జతపరచడమైనది, పొట్టు కూడా ఉంది.

5. తమ లెక్క, నా లెక్క.

తమ నివేదిక పంచాయతీ గోడకు అంటించబడియున్నది. రెండువందల నలభై ఇళ్లలో థైరాయిడ్ లోపములు గలవారు ముగ్గురే అట. ఒకె-అగ్బొన్ స్త్రీలు "ఆశ్చర్యకరమైన ఆరోగ్యముతో" ఉన్నారట. కనుక ఈ పేటకు థైరాయిడ్ క్లినిక్కు అవసరము లేదట. తమరు ఆశ్చర్యపోయి ఊరుకున్నారు. ఎందుకింత ఆరోగ్యం అని ఒక్కసారైనా అనుమానం రాలేదు.

అనుమానం ఎందుకు రావాలో చెప్తాను. ఒకె-అగ్బొన్‌లో పెద్దామె లేని ఇల్లు లేదు. చీటీ ఎవరి పేరున వస్తేనేం, ప్రతి ఇంటా పెద్దామె చెయ్యే ముందుకొచ్చింది. పన్నెండో నంబరు ఇంట్లో చీటీ చిన్నకోడలిది, చెయ్యి డెబ్బై ఏళ్ల అత్తగారిది. తమ కాగితంలో "గర్భవతియా?" అని ఒక ప్రశ్న ఉంది. కోడలికి అయిదో నెల గనుక ముసలావిడ "అయిదో నెల నాయనా" అని చెప్పింది. తమవారు వ్రాసుకున్నారు. కావాలంటే ఫైలు తెరిచి చూడండి, మూశాం అనకండి.

అకరా గారెలు వేయించి అమ్మే బోసె వాళ్లమ్మ సంగతి ఇంకో రకం. మొరెనికెకు పరుగు జబ్బయితే ఆమెకు నిద్ర జబ్బు. నూనె మూకుడు ముందు కూర్చునే కునుకుతుంది. ఎండలో చలి అంటుంది, మొహం ఉబ్బింది, జుట్టు దువ్వెనకు వచ్చేస్తోంది. "సోమరిముండ" అని మొగుడు రోజూ తిడతాడు. ఇదీ ఆ థైరాయిడ్ గ్రంథి చేసే పనేనని తమ అమ్మాయే చెప్పింది. చీటీ ఆమెకు వచ్చింది. చెయ్యి ఆడబిడ్డది. ఆకుపచ్చ కార్డు ఎవరికీ రాలేదు, బకెట్టు ఆడబిడ్డకు వచ్చింది.

తమ డబ్బా అబద్ధం చెప్పింది గాని నా టేపు చెప్పదు. వేడుక వచ్చినా, ముసలివాళ్ల అంత్యక్రియలు వచ్చినా మా పేట ఆడవాళ్లందరూ ఒకే బట్ట కుట్టించుకుంటారు. ఇళ్ల యజమానుల సంఘం అధ్యక్షుడి తల్లి అంత్యక్రియలకు రెండేళ్ల కిందట నూటపద్దెనిమిది మందికి నేను కుట్టాను. ఈ ఏడు అదే మనుషులకు మరో వేడుకకు కుట్టాను. ముప్ఫైనలుగురి మెడలు అంగుళం పైన పెరిగాయి. వారిలో పందొమ్మిది మందికి చేతుల కొలత తగ్గింది. మెడ పెరిగి చెయ్యి తగ్గడం బలుపు కాదని తెలుసుకోవడానికి డాక్టరు చదువు అక్కర్లేదు. నేను వైద్యురాలిని కాను, ఆ ముప్ఫైనలుగురికీ థైరాయిడే అని చెప్పను. పరీక్ష చెయ్యాల్సినవాళ్లను వదిలేసి గట్టిగా ఉన్నవాళ్ల రక్తం పట్టుకుపోయారని మాత్రం ప్రమాణం చేసి చెప్పగలను.

ఆ పుస్తకం భద్రంగా దాచాను. ఎక్కడ దాచానో ఎకుండాయొకు చెప్పను.

5 అ. ఇదే విషయములో తమ స్వంత గృహము గురించి.

తమరు ఉద్యోగరీత్యా నగరంలో ఉంటున్నారు గాని తమ మాతృమూర్తి, తమ ధర్మపత్ని మా వీధి చివరి ఇంట్లోనే ఉన్నారు. ఆ ఇంట్లో కూడా డబ్బా తిరిగింది. చీటీ ఎవరి పేరున వచ్చిందో, చెయ్యి ఎవరిదో తమరు భోజనాల దగ్గర అడగండి. తమ ధర్మపత్నిగారి రవికెల మెడ రెండేళ్లలో నేను మూడుసార్లు వదులు చేశాను. మూడోసారి ఆవిడ అద్దంలో చూసుకుని, "ఈమధ్య నాకు ఊరికే ఏడుపొస్తోంది అశాకే అక్కా, ఆయనతో అంటే విసుక్కుంటున్నారు," అంది. నేను పిన్నులు నోట్లో పెట్టుకుని ఊఁ కొట్టాను.

ఈ సంగతి బోనులో నిలబడి జడ్జీగారికి చెప్పాలని నాకు చాలా కోరికగా ఉంది. సర్వే అధికారి ఇంట్లోనే సర్వే దొంగలెక్క అని పేపరువాళ్లు వ్రాసుకోవాలి, తమరు ఆ పేపరు చదవాలి, అప్పుడు తమ మొహం నేను చూడాలి. ఏడు వారాలుగా మిషను తొక్కుతూ ఆ మొహమే ఊహించుకుంటున్నాను. అయితే ఆవిడ మీద నాకేం పగ లేదు. కోర్టు దాకా ఆగకుండా ఆవిడకు పరీక్ష చేయించండి.

6. కోరికలు.

(క) నన్ను అరెస్టు చేయాలి. ఎకుండాయొ చెప్పిన ప్రకారం మొరెనికెను కూడా ఆసుపత్రికి రప్పించి, ఇద్దరి రక్తమూ డాక్టరు ఎదుట తీసి, మొరెనికె ఫైలు సరిచేసి, కార్డు ఇవ్వాలి.

(ఖ) మా ఆయన కొలాపొను సాక్షిగా పిలిచి, ఆ రోజు ఆ గదిలో ఉన్నాడో లేడో ప్రమాణం చేయించాలి. అబద్ధమాడితే ఆయన దుకాణం ముందే అందరూ వినగా నేను నిజం చెప్తాను. మా అత్తగారిని పిలవనక్కర్లేదు. ఆవిడ సంగతి నేను చూసుకుంటాను, ఇరవయ్యారేళ్లు గొంతు సవరిస్తే విన్నాను, ఇకమీద ఆవిడ దగ్గి చచ్చినా వినను.

(గ) ప్రవక్త గిడియొన్ చేత మూడు రోజులు ఉపవాసం చేయించాలి. గొలుసు వేయనక్కర్లేదు, నా మనసు అంత చెడ్డది కాదు. కాదు, వేయించండి.

(ఘ) ఎకుండాయొకు ఆఫీసు చొక్కా నేను కుడతాను. కాలరు అంగుళమున్నర బిగించి కుడతాను. ఒక నెల ఆ చొక్కాతో పని చేయాలి, మింగుడుపడక నీళ్లు తాగాలి, బొత్తాం విప్పడానికి అర్జీ పెట్టుకోవాలి, "రేపు రా" అని నేను చెప్పాలి.

(ఙ) డబ్బా మళ్లీ తిప్పాలి. ఈసారి చీటీలో పేరు వచ్చిన మనిషిని పెద్దామెల ముందు పిలవకూడదు. బయట బండిలోకి ఒక్కదాన్నే పిలవాలి. బకెట్టు మాత్రం పెద్దామె చేతికే ఇవ్వండి, గొడవ ఉండదు.

తమరు చిత్తగిస్తే సరి. చిత్తగించకపోతే ఇందుకు నకలు ఒకటి పోలీసు ఠాణాకు, ఒకటి జడ్జీగారికి, ఒకటి తమ మాతృమూర్తికి ఇవ్వబడును. జడ్జీగారికన్నా ఆవిడకే నేను ఎక్కువ భయపడుతున్నాను, తమరూ అంతే అనుకుంటాను.

ఇట్లు,
కేసు నమోదయ్యేవరకు మాత్రమే తమ విధేయురాలు,
అశాకే ఒడుకోయా
(ఈసారి సంతకం నాదే)

తాజా కలం:

పై అర్జీ సోమవారం ఇంట్లో వ్రాశాను. ఈ ముక్క గురువారం కొండమీది ప్రార్థనాలయంలో కూర్చుని వ్రాస్తున్నాను.

జరిగింది ఏమంటే, మంగళవారం మా ఆయన ఏదో సంఘం విందుకు బయల్దేరాడు. ఆయన పంట్లాములు తొమ్మిది. తొమ్మిదింటి కాళ్లూ నేను అడుగున గట్టి దారంతో కుట్టేశాను. ఒక్కొక్క దాంట్లో కాలు పెట్టడం, అవతలికి రాకపోవడం, మంచం మీద పడడం. "దీనికీ పట్టింది!" అని మా అత్తగారు కేక వేసింది. నేను గట్టిగా నవ్వాను, కళ్లు పెద్దవి చేసి ఆవిడ మొహంలోకి చూశాను. మధ్యాహ్నానికల్లా నన్ను కొండ మీదికి తెచ్చేశారు. నాకు నేనుగా వెళ్తే గేటు తీయనివాడు, దెయ్యం పట్టిందంటే రెండు తలుపులూ బార్లా తీశాడు.

మొరెనికె నన్ను గుర్తుపట్టడానికి కాస్త సమయం పట్టింది. చిక్కి శల్యమైంది. మెడ మాత్రం అలాగే ఉంది. నేను దాని కాళ్లు పట్టుకుని ఏడ్చాను. పెద్దదాన్ని చిన్నదాని కాళ్లు పట్టుకోవడమేమిటని పక్కవాళ్లు చెవులు కొరుక్కున్నారు. అది నా తల మీద చెయ్యి వేసి, "ఊరుకో అక్కా, ఇక్కడికి ముందు వచ్చింది నేను. ఇక్కడ పెద్దదాన్ని నేనే," అంది. ఆ వణికే చేత్తోనే నా కన్నీళ్లు తుడిచింది. దాని నవ్వు మాత్రం ఇంకా పోలేదు.

ఇది బోసె వాళ్లమ్మ ఇక్కడి కాపలావాళ్లకు అమ్మడానికి తెచ్చిన అకరా పొట్లం కాగితం మీద వ్రాశాను, నూనె మరకలకు క్షమించాలి. నేను రవికెలో దాచి తెచ్చిన పై అర్జీతో కలిపి ఆమే దీన్ని తమ చేతికి అందిస్తుంది. దారిలో కునుకు తీయకుండా వచ్చిందంటే అది ఆమె నాకు చేసిన పెద్ద సాయం.

పోలీసువారికి ఒక్క విషయం చెప్పండి. ఇక్కడ రోగులు ఎక్కువ, గొలుసులు తక్కువ. మా ఇద్దరికీ ఒకటే గొలుసు వేశారు, ఒక కొస దాని కాలికి, ఒక కొస నా కాలికి. నన్ను తీసుకెళ్లాలంటే దాన్నీ తీసుకెళ్లక తప్పదు. తాళం చెవి గిడియొన్ ఇవ్వడు, అడగొద్దు, ఇక్కడ గొలుసు కోయనూ వద్దు. ఇద్దర్నీ అలాగే బండెక్కించండి. దాని గుండె ఈ పొద్దున లెక్కపెట్టలేనంత వేగంగా కొట్టుకుంటోంది, త్వరగా రండి. ముందు ఆసుపత్రికి పోనివ్వండి. ఠాణాకు తర్వాత వెళ్దాం, నేనెక్కడికీ పారిపోను.